చల్లగా ఉంటే సెల్ఫ్ తిరుగుతుంది, వేడెక్కితే మూలుగుతుంది: 1998 మారుతి 800

నాగోలు 800

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1998 మోడల్ మారుతి 800 ఉంది. కార్బ్యురేటర్ బండి. మామగారు కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. రిజిస్ట్రేషన్ గడువు పొడిగించుకున్నాం కాబట్టి ఇంకొన్నేళ్లు ఉంచుకోవాలనే ఉద్దేశం.

పొద్దున్నే ఇంటి దగ్గర సెల్ఫ్ బాగానే తిరుగుతుంది. నాగోలు నుంచి కోఠీ దాకా ట్రాఫిక్‌లో వెళ్లి, బండి ఆపి, అరగంటలో పని చూసుకొని వచ్చి తాళంచెవి తిప్పితే మాత్రం బరువుగా మూలిగి ఆగిపోతుంది. ఒక్కోసారి ‘టక్’ అనే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. హెడ్‌లైట్లు చక్కగా వెలుగుతాయి, హారన్ గట్టిగా మోగుతుంది. ఇంజిను చల్లారే దాకా ఆగితే మళ్లీ మామూలే. లేదంటే ఇద్దరు నెట్టాలి. చాదర్‌ఘాట్ దారిలో నడిరోడ్డున ఆగిపోతే ఎలా అన్న భయంతో ఇంటావిడ ఈ బండి తీయడమే మానేసింది.

ఒక దుకాణంలో బ్యాటరీ మార్చమన్నారు. మరోచోట సెల్ఫ్ మోటారు మొత్తం మార్చమన్నారు. ఇద్దరూ మీటరు పెట్టి చూడలేదు. బ్యాటరీ కొని ఏడాదిన్నర అయింది. డబ్బు పెట్టే ముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలని ఉంది. ఇంట్లో మల్టీమీటరు ఉంది, వాడటం వచ్చు.

సంబంధం ఉందో లేదో గానీ ఇంకో సంగతి. ఎక్సలరేటర్ కేబుల్ బిగుసుకుపోతే ఈమధ్యే మార్పించాను. కొత్తది కూడా అప్పుడే బరువెక్కింది. అంతకుముందు క్లచ్ ప్లేటు వేయించాను.

మెహిదీపట్నం జెన్

బ్యాటరీనే అనుకుంటాను. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. బానెట్ కింద వేడి అంతకంటే ఎక్కువ. చలిదేశాల్లో ఐదారేళ్లు నడిచే బ్యాటరీ మన దగ్గర మూడేళ్లు నడిస్తే గొప్ప. లోపల నీళ్లు తగ్గి సీసపు పలకలు బయటపడితే ఏడాదిన్నరకే చేతులెత్తేస్తుంది. నా బండికి అచ్చంగా ఇలాగే జరిగింది, బ్యాటరీ మార్చాక పోయింది. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే కదా, ముందు దానితో మొదలుపెట్టండి.

రాణిగంజ్ స్పేర్స్

వేడెక్కినప్పుడే మొరాయిస్తోందంటే నేను సెల్ఫ్ మోటారునే అనుమానిస్తాను. లోపల ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు అరిగితే ఆర్మేచర్, అంటే తిరిగే భాగం, పక్కకు ఒరిగి చుట్టూ ఉన్న పోల్ ముక్కలకు రాసుకుంటుంది. అప్పుడు కరెంటు ఎంత లాగినా తిరగదు. ఆ తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు పొట్టిగా అయినా అంతే. పరీక్ష ఒకటుంది: మొరాయించినప్పుడు మోటారు ఒంటి మీద చెక్కపిడితో మెల్లగా తట్టండి. తట్టగానే తిరిగిందంటే బ్రష్‌లో, సోలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) లోపలి రాగి కాంటాక్టులో అరిగినట్టు.

మోటారు మొత్తం మార్చమన్న మాట మాత్రం వినకండి. నేను విడిభాగాలు అమ్మేవాణ్ణే, అయినా చెబుతున్నాను. బుష్‌లు, బ్రష్‌లు, సోలినాయిడ్ అన్నీ విడివిడిగా దొరుకుతాయి. బండితో వచ్చిన మోటారును విప్పి బాగుచేయిస్తే, ఊరూపేరూ లేని చవక మోటారు కంటే ఎక్కువకాలం నడుస్తుంది.

నాచారం వైర్‌మన్

నాగోలు అన్నగారూ, ఏమీ కొనకండి. మీరు చివర్లో రాసిన రెండు వాక్యాలే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తున్నాయి. ఎందుకో కొలతలు వచ్చాక చెబుతాను, ముందే చెబితే మీ కన్ను అటే పోతుంది.

పదిహేనేళ్లుగా బండ్ల వైరింగ్ పనిలో ఉన్నాను. సెల్ఫ్ తిరగడం లేదని వచ్చే పాత బండ్లలో మంచి బ్యాటరీ తీసి కొత్తది వేసుకొచ్చినవాళ్లను చూస్తే బాధేస్తుంది. లోపం అలాగే ఉంటుంది, జేబు ఖాళీ అవుతుంది. మీటరు ఉన్నవాడికి ఆ అవసరమే లేదు.

ఇలా చేయండి. బండి వేడెక్కి మొరాయిస్తున్న సమయంలోనే కొలవాలి. చల్లగా, బాగా తిరుగుతున్నప్పుడు కొలిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగండి. స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్నటి తీగ ఊడదీయండి, ఇంజిను అంటుకోకుండా సెల్ఫ్ మాత్రమే తిరుగుతుంది. తాళంచెవి దగ్గర ఒకరిని కూర్చోబెట్టండి. మీరు చెప్పినప్పుడు ఐదు సెకన్లు తిప్పి వదలాలి, మధ్యలో ఒక నిమిషం విరామం ఇవ్వాలి. ఫ్యాన్ బెల్టు దగ్గర వదులు బట్టలు, తీగలు లేకుండా చూసుకోండి.

మొదట, ఏమీ తిప్పకుండా బ్యాటరీ రెండు గుబ్బల మధ్య ఓల్టేజి చూడండి. తర్వాత సెల్ఫ్ తిప్పుతూ అదే చోట చూడండి. మూడోది అసలైనది: మీటరు నల్ల ప్రోబు (ముల్లు) బ్యాటరీ నెగటివ్ గుబ్బ మీద, ఎర్ర ప్రోబు ఇంజిను మీద రంగు లేని శుభ్రమైన లోహం మీద ఆనించి సెల్ఫ్ తిప్పండి. నాలుగోది, ఎర్రది పాజిటివ్ గుబ్బ మీద, నల్లది సెల్ఫ్ మోటారు లావు బోల్టు మీద ఆనించి తిప్పండి. ప్రోబు సీసపు గుబ్బ మీదే ఉండాలి, పైనున్న క్లాంపు మీద కాదు. గుబ్బకూ క్లాంపుకూ మధ్య మురికి ఉంటే అదీ లెక్కలోకి రావాలి.

మీటరు ఓల్టుల మీదే ఉండాలి. ఆంపియర్ల మీద పెట్టి సెల్ఫ్ తిప్పితే మీటరు లోపలి ఫ్యూజు పోతుంది, ఒక్కోసారి మీటరే పోతుంది.

ఐటీఐ మాస్టారు

వైర్‌మన్ గారు చెప్పిన క్రమం నూటికి నూరుపాళ్లు సరైనది. ఆ అంకెలను ఎలా చదవాలో నేను రాస్తాను, పిల్లలకు ఎన్నో ఏళ్లు చెప్పిన పాఠమే.

కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ 12.6 ఓల్టులు చూపాలి. 12.4 అంటే సుమారు ముప్పాతిక చార్జి, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. బండి ఆపిన వెంటనే కొలిస్తే అంకె అబద్ధం చెబుతుంది. అప్పుడే చార్జయిన పలకల పైపొర ఓల్టేజిని ఎక్కువ చేసి చూపుతుంది. హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి ఆపి, కాసేపాగి కొలవండి.

సెల్ఫ్ తిరిగేటప్పుడు గుబ్బల దగ్గర 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీని అనుమానించాలి, లేదా మోటారు విపరీతంగా లాగుతోందని అనుకోవాలి. పడకుండా 11 పైనే నిలబడి, అయినా మోటారు తిరగకపోతే అర్థం పూర్తిగా వేరు. బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, కరెంటు పోవడానికే దారి లేదు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం గందరగోళం తీరిపోతుంది.

ఇక హెడ్‌లైట్లు. రెండు బల్బులు కలిపి తీసుకునేది 10 ఆంపియర్లకు కాస్త అటూఇటూ. సెల్ఫ్ మోటారుకు చిన్న కారులో కూడా వంద, అంతకు మించి కావాలి. ఒక జాయింటులో 0.03 ఓమ్ నిరోధం పెరిగిందనుకోండి. 10 ఆంపియర్లకు అక్కడ పోయేది 0.3 ఓల్టు, కంటికి తెలియదు. 100 ఆంపియర్లకు పోయేది 3 ఓల్టులు. 12లో 3 పోతే సెల్ఫ్ మూలుగుతుంది. అందుకే లైట్లు బాగున్నాయి కాబట్టి వైరింగ్ బాగుందనుకోకూడదు.

ఇంకొక హెచ్చరిక. మీటరును ఓమ్‌ల మీద పెట్టి, ‘బీప్’ వచ్చింది కాబట్టి తీగ మంచిదే అని తేల్చేసేవారు చాలామంది. మీటరు సొంత తీగల నిరోధమే 0.2 ఓమ్ దాకా ఉంటుంది. అది 0.03ను ఎలా పట్టుకుంటుంది? లోపల ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. బరువు మోయిస్తేనే తీగ బలం బయటపడుతుంది.

మెహిదీపట్నం జెన్

మాస్టారూ, ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. అయినా ఒక సందేహం. వేడెక్కినప్పుడే ఎందుకు? తీగ చెడిపోతే పొద్దున కూడా మొరాయించాలి కదా?

ఐటీఐ మాస్టారు

మంచి ప్రశ్న. రాగి వేడెక్కితే దాని నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. ఇంజిను పక్కనున్న మోటారు లోపలి రాగి తీగ చుట్టలు ఉదయం కంటే 60 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే నిరోధం సుమారు పాతిక శాతం పెరిగినట్టు. తీగ చివరి వదులు జాయింటు వేడికి వ్యాకోచించి ఇంకా వదులవుతుంది. పొద్దున అంచు మీద నడుస్తున్న వ్యవస్థ మధ్యాహ్నానికి ఆ అంచు దాటేస్తుంది. కాబట్టి వేడి అసలు కారణం అవ్వాలని లేదు, ఉన్న లోపాన్ని బయటపెట్టేది అయ్యుండవచ్చు.

మరొకటి, మూలుగుతోంది కదా అని తాళంచెవిని అలాగే పట్టుకొని ఉండకండి. చార్లెస్ కెటరింగ్ 1912లో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ సెల్ఫ్ తెచ్చినప్పటి నుంచీ ఈ మోటారు కొద్ది క్షణాలు భారీ బరువు మోయడానికే తయారైంది. అందుకే ఇంత చిన్నదిగా చేయగలిగారు. పది సెకన్లు మించితే చుట్టలు కాలిపోయే ప్రమాదం ఉంది.

నాగోలు 800

ఇవాళ మధ్యాహ్నం ఉప్పల్ దాకా తిప్పి, వేడెక్కాక ఇంటి ముందే కొలిచాను. మా అబ్బాయి తాళంచెవి దగ్గర కూర్చున్నాడు.

కదలకుండా: 12.5 ఓల్టులు, లైట్లు వెలిగించి ఆపాక చూసినది.
సెల్ఫ్ తిప్పుతూ గుబ్బల మధ్య: 11.5.
నెగటివ్ గుబ్బ నుంచి ఇంజినుకు: 3.1.
పాజిటివ్ గుబ్బ నుంచి సెల్ఫ్ బోల్టుకు: 0.3.

ఆ సమయంలో సెల్ఫ్ మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతోంది. మోటారును తట్టి చూశాను, మార్పేమీ లేదు.

నాచారం వైర్‌మన్

దొరికింది. బ్యాటరీ మంచిది. పాజిటివ్ తీగ మంచిది. అటువైపు అర ఓల్టు దాకా పోయినా ఫర్వాలేదు, మీకు 0.3 మాత్రమే పోతోంది. ఎర్తు వైపు, అంటే కరెంటు ఇంజిను నుంచి నెగటివ్‌కు తిరిగొచ్చే దారిలో, 0.2 మించకూడని చోట 3.1 పోతోంది. 11.5లోంచి ఆ రెండూ తీసేస్తే మోటారుకు మిగిలేది 8.1 ఓల్టులు. పాపం మోటారు తప్పేముంది?

ఇప్పుడు ఎక్సలరేటర్ కేబుల్ సంగతి. ఇంజిను, గేర్‌బాక్సు రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి. అంటే బాడీకి, ఇంజినుకు మధ్య కరెంటు దారి రబ్బరు కాదు, ఎర్తు పట్టీ మాత్రమే. ఆ పట్టీ చెడిపోతే సెల్ఫ్ కరెంటు వెనక్కి రావడానికి ఇంజినును బాడీతో కలిపే ఏ ఇనుప తీగ దొరికితే దాంట్లోంచి వస్తుంది. ఎక్సలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్ అలాంటివే. వంద ఆంపియర్లు మోయడానికి పుట్టినవి కావవి. వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ పొర కరిగి, తీగ బిగుసుకుపోతుంది. కొత్త కేబుల్ కూడా కొద్దికాలానికే బరువెక్కిందన్నారు చూడండి, అక్కడే నాకు అనుమానం వచ్చింది. క్లచ్ పని చేసేటప్పుడు గేర్‌బాక్సు దించుతారు. దించాలంటే ఎర్తు పట్టీ విప్పాలి. తీగ లాగితే డొంకంతా కదిలింది.

నిర్ధారణకు ఒక పని చేయండి. జంపర్ కేబుల్ ఉంటే నల్ల తీగ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొస ఇంజిను మీద గట్టి లోహానికి పట్టించి సెల్ఫ్ కొట్టండి. గట్టిగా తిరిగితే ఇక వాదనే లేదు.

తర్వాత ఆ 3.1ను రెండుగా విడగొట్టండి: నెగటివ్ గుబ్బ నుంచి బాడీకి ఎంత, బాడీ నుంచి ఇంజినుకు ఎంత. ఎక్కడ ఎక్కువో అక్కడే చెయ్యి పెట్టాలి.

రాణిగంజ్ స్పేర్స్

వైర్‌మన్ గారి మాట ఒప్పుకుంటున్నాను. ఆ కొలతల తర్వాత మోటారు విప్పాల్సిన పని లేదు. ఒక్క సూచన: కొత్త పట్టీ కోసం వస్తే అల్లిన రాగి పట్టీ అడగండి. అయస్కాంతం పట్టుకెళ్లండి, అతుక్కుంటే అది ఇనుముకు రాగి పూత వేసినది.

నాగోలు 800

జంపర్ కేబుల్ పెట్టగానే సెల్ఫ్ కొత్త బండిలా తిరిగింది. వేడి ఇంజిను, మండే ఎండ, అయినా అంటుకుంది. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు.

విడగొట్టి చూస్తే: గుబ్బ నుంచి బాడీకి 0.1. బాడీ నుంచి ఇంజినుకు 3.0.

బాడీకి, గేర్‌బాక్సుకు మధ్య ఉన్న పట్టీ విప్పి చూశాను. బాడీ వైపు కొస బాగానే ఉంది. గేర్‌బాక్సు వైపు లగ్గు (బోల్టు పట్టే రింగు కొస) దగ్గర అల్లిక పోగులు సగానికి పైగా తెగి, మిగిలినవి ఆకుపచ్చగా పొడిలా రాలుతున్నాయి. బోల్టు కింద నూనె, మట్టి కలిసిన జిగురు. శుభ్రం చేయకుండానే దాని మీద బిగించేశారు. ఏళ్ల తరబడి వాననీళ్లలో నానిన పట్టీని విప్పి మళ్లీ వంచి బిగించేసరికి పోగులు తెగినట్టున్నాయి.

నాచారం వైర్‌మన్

సరిగ్గా అదే. మన ఊళ్లో వానాకాలం రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు కిందనున్న ఈ పట్టీకే మొదట తగులుతాయి. పైన తళతళలాడే బండ్లలో కూడా ఇది కుళ్లిపోయి ఉంటుంది. ఎవరూ వంగి చూడరు.

కొత్తది వేసేటప్పుడు జాగ్రత్తలు చెబుతాను. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పి పక్కన పెట్టండి. గేర్‌బాక్సు మీద బోల్టు కూర్చునే చోటు పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి, ఎమరీ కాగితంతో మెరిసే లోహం కనిపించే దాకా రుద్దండి. బాడీ వైపు కూడా రంగు గీకేయాలి. అల్లిన పట్టీ దొరక్కపోతే 25 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగి తీగకు రెండు వైపులా రాగి లగ్గులు ప్రెస్సుతో నొక్కించండి. సుత్తితో కొట్టి నొక్కించవద్దు. ఇంజిను ఊగుతుంది కాబట్టి తీగ కాస్త వదులుగా, ఊపుకు సరిపడా పొడవుండాలి. పళ్ల వాషరు వేసి బిగించండి. బిగించాకే పైన వాసలిన్ పూయండి, ముందు కాదు.

కరిగిన ఎక్సలరేటర్ కేబుల్ మాత్రం మార్చేయండి. అది నడుస్తుండగా ఇరుక్కుంటే ప్రమాదం. క్లచ్ కేబుల్ కూడా ఒకసారి విప్పి చూడండి.

తార్నాక సెడాన్

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాది వేరే బాధ. ఆఫీసుకు మెట్రోలో వెళ్తాను, కారు సెల్లారులోనే ఉంటుంది. మూడు నాలుగు రోజులు తీయకపోతే నాలుగో రోజు సెల్ఫ్ ‘టకటకటక’ అని వేగంగా కొట్టుకుంటుంది, తిరగదు. చార్జి చేయిస్తే వారం బాగుంటుంది. నాది కూడా ఎర్తు సమస్యేనా?

ఐటీఐ మాస్టారు

కాకపోవచ్చు. మీ చప్పుడే వేరు. సోలినాయిడ్ లోపల లాగే చుట్ట ఒకటి, పట్టి ఉంచే చుట్ట ఒకటి ఉంటాయి. లాగే చుట్ట కాంటాక్టును మూయగానే మోటారు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. బ్యాటరీ ఖాళీగా ఉంటే ఓల్టేజి కూలిపోతుంది, పట్టి ఉంచే చుట్ట వదిలేస్తుంది. వదలగానే ఓల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఆ వేగపు టకటక అదే. చాలాసార్లు చార్జి లేని బ్యాటరీ గుర్తు.

చార్జి ఎందుకు పోతోందన్నదే మీ ప్రశ్న. బండి ఆపి ఉన్నప్పుడు రేడియో గడియారం వంటి వాటికి 50 మిల్లీఆంపియర్ల లోపు పోవడం మామూలే. అర ఆంపియరు పోతుంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజులు నిండకుండానే ఖాళీ. మీ లెక్కతో దాదాపు సరిపోతోంది, చూశారా?

నాచారం వైర్‌మన్

తార్నాక గారూ, తాళంచెవి తీసి, తలుపులు మూసి, నెగటివ్ క్లాంపు విప్పి, గుబ్బకూ క్లాంపుకూ మధ్య మీటరు 10 ఆంపియర్ల మీద పెట్టండి. ఇక్కడ ఆంపియర్లే కావాలి, కాబట్టి పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, తాళంచెవి జేబులో వేసుకోండి. అంకె చూస్తూ ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. ఏది తీయగానే అంకె పడిపోయిందో ఆ దారిలో దొంగ ఉన్నాడు. అన్నీ తీసినా పడకపోతే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు లావు తీగ విప్పి చూడండి, లోపలి డయోడు చెడితే రాత్రంతా అందులోంచి పోతుంది. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్, సెంట్రల్ లాకింగ్, ఆరిపోని డిక్కీ లైటు.

తర్వాత చార్జింగ్ కూడా చూడండి. ఇంజిను నడుస్తుండగా గుబ్బల మధ్య 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. 13 దాటకపోతే ఆల్టర్నేటరు పని చేయడం లేదు. 15 దాటితే బ్యాటరీ నీళ్లు ఉడికిపోతాయి.

మెహిదీపట్నం జెన్

నీళ్ల మాట వచ్చింది కాబట్టి నేనొకటి చెప్పాలి. మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయండి. మన బోరు నీళ్లు ఎంత గట్టివో గీజరు విప్పినవారికి తెలుసు. ఆ ఉప్పంతా పలకల మీద చేరుతుంది. బ్యాటరీ ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు కూడా ఒకటి కొనండి. ఆరు గదుల్లో ఒక దాని అంకె మిగతావాటికంటే 0.050 తక్కువ చూపితే ఆ గది పోయినట్టే, ఎంత చార్జి చేయించినా లాభం లేదు.

చిక్కడపల్లి క్లాసిక్

పెద్దలు ఉన్నారు కాబట్టి నాదీ అడుగుతాను. మా నాన్నగారి పాత పెట్రోలు కారు. సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంది, తిరుగుతుండగా ఇంజిను అంటుకుంటుంది కూడా. తాళంచెవి వదిలిన మరుక్షణం చచ్చిపోతుంది. కార్బ్యురేటరు రెండుసార్లు శుభ్రం చేశారు, ఫలితం లేదు. కాయిల్ పక్కన తెల్లటి పింగాణీ దిమ్మ ఒకటి ఉంది, దానికి రెండు తీగలు.

ఐటీఐ మాస్టారు

ఆ దిమ్మే చూడండి. దాన్ని బ్యాలస్ట్ రెసిస్టరు అంటారు. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ ఓల్టేజి పడుతుంది కాబట్టి కాయిల్‌కు నేరుగా పూర్తి కరెంటు ఇస్తారు. ఇంజిను అంటుకున్నాక కాయిల్ వేడెక్కకుండా ఈ దిమ్మ గుండా తగ్గించి ఇస్తారు. లోపలి తీగ తెగిపోతే మొదటి దారి పనిచేస్తుంది, రెండో దారి మూసుకుపోతుంది. మీరు చెప్పిన లక్షణం అదే. ఇగ్నిషన్ స్విచ్‌లో ‘ఆన్’ కాంటాక్టు అరిగినా ఇలాగే అవుతుంది. స్విచ్ ఆన్‌లో పెట్టి దిమ్మకు రెండు వైపులా బాడీతో ఓల్టేజి చూడండి. రెండు వైపులా లేకపోతే స్విచ్. ఒకవైపు ఉండి ఇంకోవైపు అసలే లేకపోతే దిమ్మ. దిమ్మను దాటవేసి తీగ నేరుగా కలిపేసి బండి నడపమని ఎవరైనా చెబితే వినకండి, కాయిల్, దాని కరెంటును తెంపి కలిపే పాయింట్లు కాలిపోతాయి.

చిక్కడపల్లి క్లాసిక్

ఒకవైపు 12.3, ఇంకోవైపు సున్నా. దిమ్మే. కార్బ్యురేటరును అనవసరంగా విప్పించారు. ధన్యవాదాలు మాస్టారూ.

నాగోలు 800

పట్టీ వేయించాను. రాణిగంజ్‌లో అల్లిన రాగి పట్టీ దొరికింది, అయస్కాంతం అంటుకోలేదు. ఎక్సలరేటర్ కేబుల్ మార్చాను. పాతది కోసి చూస్తే లోపలి పొర కరిగి తీగకు అంటుకుపోయి ఉంది. క్లచ్ కేబుల్ బాగానే ఉంది.

కొత్త కొలతలు, వేడి ఇంజిను మీద: ఇంజిను నుంచి నెగటివ్‌కు 0.1. పాజిటివ్ వైపు 0.4. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది. గుబ్బల మధ్య మాత్రం 10.4 కనిపిస్తోంది, ఇదివరకు 11.5 ఉండేది.

మెహిదీపట్నం జెన్

అదిగో, ఓల్టేజి పడిపోయింది. బ్యాటరీ కూడా బలహీనమేనేమో?

నాచారం వైర్‌మన్

కాదండీ. ఇదివరకు పట్టీ అడ్డుపడి కరెంటు తక్కువ పోయేది, అందుకే బ్యాటరీ మీద బరువు పడేది కాదు. ఇప్పుడు మోటారుకు కావలసినంత పోతోంది. అప్పుడు మోటారుకు అందింది 8.1, ఇప్పుడు 9.9. పాజిటివ్ వైపు 0.3 ఉన్నది 0.4 కావడమే కరెంటు పెరిగిందనడానికి సాక్ష్యం. వేడి ఇంజినును తిప్పుతూ 10.4 నిలబెట్టే బ్యాటరీని మార్చాల్సిన పని లేదు.

అన్నగారూ, ఇంకొక్క కొలత చూసి చెప్పండి. సోలినాయిడ్‌కు తాళంచెవి నుంచి వచ్చే సన్నటి తీగ దగ్గర, సెల్ఫ్ తిరుగుతుండగా ఎంత ఉంది? అప్పుడప్పుడు ‘టక్’ కూడా రాకుండా నిశ్శబ్దంగా ఉండేదా?

నాగోలు 800

ఒకటి రెండుసార్లు అలా అయ్యింది, నిజమే. సన్నటి తీగ దగ్గర 8.7 చూపిస్తోంది.

రాణిగంజ్ స్పేర్స్

రిలే పెట్టించేయండి, అంటే తాళంచెవి స్విచ్ బదులు సోలినాయిడ్ కరెంటు మోసే చిన్న స్విచ్. చవక, గంట పని. పాతికేళ్లు దాటిన ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టులు అరిగి ఉంటాయి.

నాచారం వైర్‌మన్

రిలేకు నేను వ్యతిరేకం కాదు. కానీ 1.7 ఓల్టులు ఎక్కడ పోతున్నాయో చూడకుండా రిలే పెడితే, నలిగిన స్విచ్ మీద దుప్పటి కప్పినట్టే. సెల్ఫ్ తిప్పుతూ స్విచ్‌లోకి వచ్చే లావు తీగ దగ్గర, బయటకు పోయే తీగ దగ్గర చూడండి. రెండిటికీ మధ్యే తేడా ఉంటే స్విచ్ అరిగింది, తాళం వెనకుండే కాంటాక్టు దిమ్మ మారిస్తే తాళం మార్చనక్కర్లేదు. స్విచ్‌లోకి వచ్చేటప్పటికే తక్కువుంటే ఫ్యూజు పెట్టె దగ్గరి కనెక్టరు కాలి ఉంటుంది. ఆ కనెక్టరును రిలే బాగుచేయదు, ఒక రోజు లైట్లు కూడా పోతాయి.

నాగోలు 800

చూశాను. స్విచ్‌లోకి 10.2 వస్తోంది, బయటకు 8.9 పోతోంది. స్విచ్ దగ్గరే ఎక్కువ పోతోందని తేలింది.

నాచారం వైర్‌మన్

అయితే కాంటాక్టు దిమ్మ మార్చండి. ఆ తర్వాత రాణిగంజ్ గారి మాట ప్రకారం రిలే కూడా పెట్టండి, కొత్త కాంటాక్టు మీద బరువు తగ్గుతుంది. రిలే కాళ్ల దగ్గర అంకెలుంటాయి: 30కి బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజుతో తీగ, 87 నుంచి సోలినాయిడ్‌కు, 86కు తాళంచెవి తీగ, 85 ఎర్తుకు. ఆ ఎర్తు కూడా రంగు గీకి బిగించండి.

నాగోలు 800

దిమ్మ, రిలే రెండూ అయ్యాయి. సోలినాయిడ్ దగ్గర ఇప్పుడు 10.1. నిన్న మధ్యాహ్నం ఇంటావిడే బండి తీసుకొని కోఠీ వెళ్లి వచ్చింది.